వృత్తి క్రీడాకారుల గృహహింస: క్రీడా లీగుల చర్యల చరిత్ర

జీతం తీసుకుని ఆడే క్రీడాకారుడు ఇంట్లో భార్యనో సహచరినో పిల్లలనో హింసించాడన్న ఆరోపణ వచ్చినప్పుడు అతన్ని ఆడిస్తున్న లీగు, బోర్డు, జట్టు యాజమాన్యం తీసుకునే చర్యల గురించి ఈ వ్యాసం. పోలీసులు, కోర్టులు చేసే పని వేరు, ఆట నడిపేవారు చేయాల్సిన పని వేరు. ఈ రెండో పనికి రాసిపెట్టిన నియమాలు చాలావరకు గత ఇరవై ఏళ్లలో వచ్చినవే. అమెరికాలో ఒక వీడియో బయటపడ్డాక అవి రూపు కట్టాయి. భారతదేశంలో ఇప్పటికీ పెద్ద లీగులేవీ గృహహింసకంటూ ప్రత్యేక విధానం ప్రకటించలేదు. ఐపీఎల్ మొదలుకొని కర్నూలు జిల్లా పడమటి తాలూకాల కుర్రాళ్లు కలలుగనే ఆంధ్రా ప్రీమియర్ లీగ్ దాకా ఈ లోటు కనిపిస్తుంది.

చట్టం నడిచిన దారి

మన దేశంలో ఈ విషయంలో చట్టం ఆటకంటే చాలా ముందుంది. భర్త, అత్తింటివారు చూపే క్రూరత్వాన్ని నేరంగా పరిగణించే 498ఎ సెక్షన్ 1983లో భారత శిక్షాస్మృతిలో చేరింది. 2024 జులై 1 నుంచి అదే నేరం భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్‌గా కొనసాగుతోంది. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమలైంది. పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నవారికీ, కొట్టడమే కాకుండా తిట్టడం, డబ్బు బిగబట్టడం, ఇంట్లోంచి గెంటేయడం వంటివాటికీ ఈ చట్టం వర్తిస్తుంది.

ఇంటి గొడవ ఇంట్లోనే ఉండాలన్న మాటను తెలుగునేల చాలాకాలం కిందటే కాదంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు వాళ్ల ఫిర్యాదు సారా ఒక్కదాని గురించే కాదు, తాగొచ్చి కొట్టే మగవాడి గురించి కూడా. ఉద్యమం జిల్లాలు దాటింది. ప్రభుత్వం 1993 అక్టోబరులో సారాను నిషేధించక తప్పలేదు. ఇంట్లో పడిన దెబ్బ ప్రభుత్వ విధానాన్నే మార్చగలిగిన రాష్ట్రం ఇది. అలాంటి చోట క్రికెట్ సంఘమో కబడ్డీ జట్టో ‘అది వాళ్ల సొంత వ్యవహారం’ అని తప్పుకోవడం ఎంతమాత్రం సమంజసం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 18 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో సుమారు 37 శాతం. ఆటగాళ్ల ఇళ్లు ఈ లెక్కకు బయట ఉంటాయనుకోవడానికి ఆధారమేమీ లేదు.

లిఫ్టులోని కెమెరా

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ 2005లోనే మహిళల పట్ల గౌరవం పేరుతో ఒక విధానం తెచ్చింది. అయితే ప్రపంచం ఈ ప్రశ్నను పట్టించుకున్నది 2014లో.

ఆ ఏడాది ఫిబ్రవరి 15న అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో ఒక క్యాసినో లిఫ్టులో బాల్టిమోర్ రేవెన్స్ ఆటగాడు రే రైస్ తనకు కాబోయే భార్యను కొట్టాడు. స్పృహ తప్పిన ఆమెను లిఫ్టులోంచి ఈడ్చుకొస్తున్న దృశ్యం కొద్దిరోజుల్లోనే బయటికొచ్చింది. అంటే జరిగిందేమిటో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌కు అప్పటికే తెలుసు. అయినా జులైలో వేసిన శిక్ష రెండు మ్యాచుల నిషేధం. మాదకద్రవ్య నియమాలు మీరిన మరో ఆటగాడిపై అదే వేసవిలో ఏడాది నిషేధం ఖరారైంది. ఈ రెండు శిక్షలను పక్కపక్కన పెట్టి చూసిన జనం మండిపడ్డారు. ఆగస్టు 28న లీగు కమిషనర్ రోజర్ గుడెల్ తాను పొరపాటు చేశానని జట్ల యజమానులకు లేఖ రాశాడు. ఇకపై మొదటి తప్పుకు ఆరు మ్యాచులు, రెండోదానికి బహిష్కారం అని ప్రకటించాడు. సెప్టెంబరు 8న లిఫ్టు లోపలి వీడియో బయటికొచ్చింది. ఆ రోజే జట్టు రైస్‌ను తీసేసింది, లీగు నిరవధికంగా నిషేధించింది. నవంబరులో మధ్యవర్తిగా కూర్చున్న మాజీ న్యాయమూర్తి బార్బరా జోన్స్ ఆ రెండో శిక్షను కొట్టేశారు. రైస్ లీగుకు అబద్ధం చెప్పలేదనీ, ఒకే తప్పుకు రెండుసార్లు శిక్షించడం కుదరదనీ తేల్చారు.

దెబ్బ ఫిబ్రవరిలో పడింది, శిక్ష సెప్టెంబరులో మారింది. మధ్యలో కొత్తగా వచ్చిందల్లా జనం చూసిన దృశ్యమే. కెమెరా లేని గదిలో దెబ్బలు తిన్న స్త్రీకి ఈ పద్ధతిలో న్యాయం దొరకదు. రెండేళ్లకు న్యూయార్క్ జయంట్స్ ఆటగాడు జోష్ బ్రౌన్ విషయంలో అది రుజువైంది. కొత్త నియమంలో ఆరు మ్యాచులని ఉన్నా అతనికి మొదట పడింది ఒక్క మ్యాచే. భార్యను హింసించినట్లు అతను స్వయంగా రాసుకున్న కాగితాలు 2016 అక్టోబరులో బయటపడ్డాకే జట్టు వదిలించుకుంది. మరో ఆరు మ్యాచుల శిక్ష 2017లో వచ్చింది.

బేస్‌బాల్ వేరే దారి పట్టింది. మేజర్ లీగ్ బేస్‌బాల్ తన విధానాన్ని ఆటగాళ్ల సంఘంతో కూర్చుని రాసుకుని 2015 ఆగస్టులో ప్రకటించింది. అందులో కనీస శిక్షా లేదు, గరిష్ఠ శిక్షా లేదు. కేసు ఉన్నా లేకున్నా కమిషనర్ సొంత విచారణ జరిపించవచ్చు. విచారణ సాగుతుండగా ఆటగాణ్ని కొద్దిరోజులు జీతంతో పక్కన పెట్టవచ్చు. కౌన్సెలింగ్, చికిత్స ఎలా సాగాలో చూసే మండలిలో ఈ రంగం నిపుణులకు చోటిచ్చారు. దీని కింద మొదట శిక్ష పడింది అరోల్డిస్ చాప్‌మన్‌కు, 2016 మార్చిలో, 30 మ్యాచులు. అతని మీద నేరాభియోగమే నమోదు కాలేదు. అదే ఏడాది హోసే రేయెస్ భార్య సాక్ష్యానికి ముందుకు రాకపోవడంతో కేసు వీగిపోయినా లీగు అతన్ని 51 మ్యాచులకు దూరం పెట్టింది. కోర్టులో కేసు నిలబడకపోవడం వేరు, ఏమీ జరగలేదనడం వేరు అన్న తేడాను లీగు తన నియమంలో రాసుకుంది. ఈ చరిత్ర మొత్తంలో గట్టి అడుగు ఇదేనని చెప్పాలి.

తర్వాతి ఏళ్లలో బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ కూడా ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం చేసుకుంది. మహిళల లీగు డబ్ల్యూఎన్‌బీఏ 2015లో బ్రిట్నీ గ్రైనర్, గ్లోరీ జాన్సన్ ఇద్దరినీ గృహహింస కేసులో ఏడేసి మ్యాచులు ఆడకుండా ఆపింది. ఆస్ట్రేలియా రగ్బీ లీగు 2019లో మరో నియమం పెట్టింది. పదకొండేళ్లు, ఆపైన శిక్ష పడే నేరం మోపితే కేసు తేలేదాకా ఆటగాడు పక్కన కూర్చోవాలి, జీతం మాత్రం ఆగదు. దాన్ని సవాలు చేసిన ఆటగాడు ఫెడరల్ కోర్టులో ఓడిపోయాడు.

2018 మార్చి

భారతదేశంలో ఈ ప్రశ్న సూటిగా ఎదురైన సందర్భం ఒకటుంది. 2018 మార్చి మొదటి వారంలో ఫాస్ట్ బౌలర్ మహమ్మద్ షమీ మీద ఆయన భార్య గృహహింస, వివాహేతర సంబంధాల ఆరోపణలు చేశారు. షమీ వాటిని ఖండించారు. మార్చి 7న బీసీసీఐ వార్షిక కాంట్రాక్టుల జాబితా విడుదల చేసినప్పుడు అందులో ఆయన పేరు లేదు. కోల్‌కతా పోలీసులు కేసు నమోదు చేశారు. బోర్డును అప్పట్లో నడుపుతున్న, సుప్రీంకోర్టు నియమించిన పాలకుల కమిటీ తన అవినీతి నిరోధక విభాగం అధిపతి నీరజ్ కుమార్‌ను విచారణ చేయమంది. ఆయన చూడాల్సిందల్లా ఆమె చేసిన మరో ఆరోపణ ఒక్కటే: షమీ ఎవరి దగ్గరో డబ్బు తీసుకున్నారా అన్నది. మార్చి 22న అలాంటిదేమీ లేదని తేలింది. అదే రోజు గ్రేడ్ బి కాంట్రాక్టు ఇచ్చారు, ఏడాదికి 3 కోట్ల రూపాయలు. తర్వాతి నెలలో ఐపీఎల్ ఆడారు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ స్త్రీ చెప్పిన మాటల్లో బోర్డు పరిశీలించింది ఆటను తాకే ఒక్క ముక్కనే. ఒంటిమీద పడిందన్న దెబ్బ గురించి ఎవరూ అడగలేదు. అడగడానికి బోర్డు దగ్గర నియమమూ లేదు, అధికారీ లేరు. షమీకి కూడా ఇది న్యాయం కాదు. రెండు వారాల పాటు ఏ తప్పుకు కాంట్రాక్టు ఆపారో చెప్పే నియమం లేదు, ఆ ఆరోపణ మీద తన మాట వినిపించుకునే వేదికా లేదు. రాతపూర్వకమైన పద్ధతి లేనిచోట ఆరోపించినవారూ ఆరోపణకు గురైనవారూ ఇద్దరూ నష్టపోతారు.

ఏడాది తిరక్కముందే అదే బోర్డు ఎంత వేగంగా కదలగలదో చూపించింది. 2019 జనవరిలో ఒక టీవీ కార్యక్రమంలో ఆడవాళ్ల గురించి చులకనగా మాట్లాడినందుకు హార్దిక్ పాండ్యా, కె.ఎల్. రాహుల్‌లను ఆస్ట్రేలియా పర్యటన మధ్యలో సస్పెండ్ చేసి వెనక్కి పిలిపించారు. అంబుడ్స్‌మన్ జస్టిస్ డి.కె. జైన్ చెరో 20 లక్షల జరిమానా వేశారు. ఆ చర్య సరైనదే. అయితే తెరమీద అన్న మాటకు ఉన్న యంత్రాంగం గోడల మధ్య జరిగిందన్న హింసకు లేకపోవడం ఎలా సమర్థనీయం?

షమీ కేసు కోర్టుల్లో నడుస్తూనే ఉంది. 2019లో అభియోగపత్రం దాఖలైంది. 2025 జులై 1న కలకత్తా హైకోర్టు గృహహింస చట్టం కింద మధ్యంతర భరణాన్ని భార్యకు నెలకు లక్షన్నర, కూతురికి రెండున్నర లక్షలుగా పెంచింది. ఆ ఏడాది ఐపీఎల్‌లో షమీ మన సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడారు. వేలంలో పలికిన ధర 10 కోట్లు.

కబడ్డీలోనూ ఇదే ఖాళీ. 2025 ఫిబ్రవరిలో ప్రపంచ చాంపియన్ బాక్సర్ సవీటీ బూరా తన భర్త, భారత కబడ్డీ జట్టు మాజీ కెప్టెన్ దీపక్ హుడాపై హిసార్‌లో వరకట్నం, దాడి ఫిర్యాదు చేశారు. ఆయన ఖండించారు, ఎదురు ఫిర్యాదు చేశారు. హుడా ప్రో కబడ్డీలో అడుగుపెట్టింది 2014లో తెలుగు టైటాన్స్ తరఫునే. ఈ గొడవనాటికి ఆయన లీగుకు దూరమయ్యారు కాబట్టి లీగు తేల్చాల్సిన అవసరం రాలేదు. రేపు ఆడుతున్నవాడి మీదే ఫిర్యాదు వస్తే పరిస్థితి మళ్లీ 2018 మార్చిలాగే ఉంటుంది.

2025 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన జాతీయ క్రీడా పాలన చట్టం నైతిక నియమావళి, సురక్షిత క్రీడా విధానం, ఫిర్యాదుల పరిష్కారం ఉండాలంటోంది. దీని ప్రధాన లక్ష్యం క్రీడాకారుల రక్షణ. ఆటగాడి ఇంట్లో ఉన్నవారి సంగతి నియమావళిలో విడిగా రాస్తేనే వస్తుంది.

జీతం ఎవరి చేతికి

లీగులు తరచూ మరిచిపోయేది డబ్బు సంగతి. ఆటగాణ్ని ఆపేస్తే, జీతం కోసేస్తే ముందు పస్తులుండేది ఫిర్యాదు చేసిన భార్యే, ఆమె పిల్లలే. మొదటి తప్పుకే జీవితకాల బహిష్కారం అనే నియమం వినడానికి గట్టిగా ఉంటుంది. కానీ నోరు తెరిస్తే ఇంటికొచ్చే రాబడి మొత్తం పోతుందని తెలిసిన స్త్రీ నోరు తెరవదు. అమెరికాలో బాధితుల తరఫున పనిచేసేవారు లీగులకు ఇదే హెచ్చరిక చేశారు.

మన చట్టంలో దీనికి మందుంది. గృహహింస చట్టం 20వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఆర్థిక సాయం మంజూరు చేశాక భర్త కట్టకపోతే, అదే సెక్షన్‌లోని ఆరో ఉపవిభాగం ప్రకారం భర్త యజమానినో అతనికి బాకీ ఉన్నవారినో నేరుగా ఆమెకే చెల్లించమని ఆదేశించవచ్చు. ఫ్రాంచైజీ అంటే ఆటగాడికి డబ్బు ఇవ్వాల్సిన సంస్థే. కోర్టు చెప్పేదాకా ఆగకుండా, సస్పెన్షన్ కాలంలో ఫీజులో ఒక భాగం కుటుంబానికి చేరేలా ఆటగాడితో ముందే ఒప్పందంలో రాయించుకోవడానికి ఏ లీగుకూ అడ్డు లేదు. విదేశీ నమూనాలకంటే ఇది మన ఇళ్లకు దగ్గరగా సరిపోతుంది.

ఫిర్యాదు రాగానే దోషిగా చూడడమూ తప్పే. 498ఎ కేసుల్లో యాంత్రికంగా అరెస్టులు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. ఫిర్యాదు రాగానే జీతంతో పక్కన పెట్టడం, బోర్డుతో సంబంధం లేనివారితో విచారణ, గడువులోగా నిర్ణయం, అప్పీలు అన్నీ కలిసి ఉంటేనే రెండువైపులా నమ్మకం కుదురుతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు

కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఈ రెండు పట్టణాలలో ఆదోని పత్తి మార్కెట్‌కూ జిన్నింగు మిల్లులకూ, ఎమ్మిగనూరు మగ్గాలకూ పేరు. చుట్టుపక్కల పల్లెల నుంచి వానలు లేని ఏళ్లలో జనం సుగ్గికి, అంటే కూలిపనుల వలసకు పోతారు. పండగలకూ జాతరలకూ పోటీలు ఇక్కడ మామూలే. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఎద్దుల బండలాగుడు చూడటానికి ఊళ్లకు ఊళ్లు కదిలివస్తాయి. ఇటువంటి చోట ఆటలో పైకొచ్చిన కుర్రాడు ఇంటికీ ఊరికీ కూడా ఆశ. వాడి మీద భార్య నోరు విప్పితే ‘పిల్లోని బతుకు చెడగొడతావా’ అని పెద్దమనుషులు రాజీకి కూర్చోబెట్టడం, ఆమెనే సర్దుకుపొమ్మనడం పరిపాటి.

ఆంధ్రా క్రికెట్ సంఘం 2022లో ఆంధ్రా ప్రీమియర్ లీగ్ ప్రారంభించింది. 2025 నాటి జట్లలో ఎమ్మిగనూరుకు ఉత్తరాన పారే నది పేరు పెట్టుకున్న తుంగభద్ర వారియర్స్ కూడా ఉంది. ఐపీఎల్ ఆటగాడి భార్యకు లాయరు దొరుకుతాడు, విలేకరులు వస్తారు. రాష్ట్ర లీగులో ఆడే కుర్రాడి భార్యకు అవేవీ ఉండవు. అందుకే నియమం అవసరం పై లీగుకంటే ఈ లీగుకే ఎక్కువ. ఒప్పందం మీద సంతకం చేయించే రోజునే ఆటగాడి భార్యకో తల్లికో తెలుగులో ఒక కాగితం ఇచ్చి, ఎవరికి చెప్పుకోవాలో, చెబితే ఏమవుతుందో రాసి చూపించవచ్చు. దీనికి బోర్డు అనుమతి కోసం ఎదురుచూడనక్కర్లేదు.

లీగు కదిలినా కదలకపోయినా ఆమెకు దారులున్నాయి. 181 మహిళా హెల్ప్‌లైన్ ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. గ్రామ, వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఉంటారు. గృహహింస చట్టం కింద రక్షణాధికారికి చెప్పినా, నేరుగా ఆదోని, ఎమ్మిగనూరు కోర్టుల్లో 12వ సెక్షన్ కింద అర్జీ పెట్టుకున్నా చెల్లుతుంది. అర్జీ అందాక మామూలుగా మూడు రోజుల్లోగా మొదటి వాయిదా వేయాలనీ, అక్కడినుంచి అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలనీ చట్టం చెబుతోంది. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు లేదా 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ ఉత్తర్వు నకలు ఒకటి జట్టు యాజమాన్యానికి కూడా పంపమని ఆమె కోర్టును అడగవచ్చు.