శ్రీలంక ముస్లింలకు పేరు పెట్టిందెవరు?

"మీరు ముస్లింలా? తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నారే!" ఈ మాట వినని తెలుగు ముస్లిం ఉండడు. ఇంట్లో తెలుగు తప్ప మరొకటి ఎరగని దూదేకులవాళ్లకీ ఈ మెప్పు తప్పదు. మెప్పులోని ముల్లు ఎంత లోతుకు దిగగలదో శ్రీలంకను చూస్తే తెలుస్తుంది. అక్కడి ముస్లింలలో అత్యధికుల ఇంటిభాష తమిళం. 2012 జనాభా లెక్కల్లో మాత్రం వాళ్లు తమిళులు కారు, 'మూర్'లు. దేశ జనాభాలో 9 శాతం పైచిలుకు.

ఆ పేరు వాళ్లు పెట్టుకున్నది కాదు. ఉత్తర ఆఫ్రికా ముస్లింలను పిలిచిన నోటితోనే పోర్చుగీసులు 16వ శతాబ్దంలో వీళ్లనీ పిలిచారు. ఓడలెక్కి వచ్చిన అరబ్బు వర్తకులు, దక్షిణ భారత తీరాల ముస్లింలు, వాళ్లు చేసుకున్న స్థానిక స్త్రీలు. వీళ్ల సంతతే ఆ జనం. తమిళాన్ని అరబ్బీ లిపిలో రాసుకున్నారు. ఆ రాతకు అర్వి అని పేరు.

కలిసి బతకడం ఆ దీవికి కొత్త కాదు. శ్రీపాద కొండమీది అడుగుజాడ బౌద్ధులకు బుద్ధుడిది, హిందువులకు శివుడిది, ముస్లింలకు ఆదం నబీది. 1626లో పోర్చుగీసులు తరిమేస్తే ముస్లింలను తూర్పున బట్టికలోవా వైపు నిలబెట్టింది కాండీ బౌద్ధరాజు సెనరత్. తర్వాత 1739 నుంచి 1815 దాకా అదే గద్దె మీద ఉన్నది నాయక రాజులు, తెలుగు మూలాలవాళ్లు. వాళ్లలో కీర్తిశ్రీ రాజసింహుడే 1753లో సయాం భిక్షువులను రప్పించి బౌద్ధసంఘాన్ని నిలబెట్టాడు. సింహళ స్వచ్ఛత గురించి మాట్లాడేవాళ్లకు ఈ సంగతి రుచించదు!

ఇక జాతి తగాదా. 1888లో తమిళ నాయకుడు పొన్నంబలం రామనాథన్ ఒక పత్రం చదివాడు: మూర్‌లు జాతికి తమిళులే, మతమే వేరు అని. శాసనమండలిలో ముస్లింలకు వేరే సీటు ఇచ్చే మాట నడుస్తున్న రోజులవి. మరుసటి ఏడు ఆ సీటు వచ్చింది. 1907లో అబ్దుల్ అజీజ్ జవాబు రాశాడు: మేం అరబ్బుల సంతతి అని. నిజం చెప్పాలంటే ఈ జవాబూ నాకు మింగుడుపడదు. అయ్య వైపు చూసి అరేబియా దాకా వెళ్లాడు, అమ్మను ఊళ్లోనే వదిలేశాడు. మన షేకులూ సయ్యదులూ చేసేదీ చాలాసార్లు ఇదే.

1915లో సింహళ మూకలు ముస్లింల మీద పడ్డాయి. జైలుపాలైన సింహళ పెద్దల పక్షాన గట్టిగా వాదించింది రామనాథనే. 'మీరూ తమిళులే' అన్న మనిషి! ముస్లింలు అది మరిచిపోలేదు.

1990 ఆగస్టు 3న బట్టికలోవా దగ్గరి కాత్తాన్‌కుడిలో, రెండు మసీదుల్లో నమాజులో ఉన్నవాళ్లను కాల్చేశారు. వందమందికి పైగా చనిపోయారు. 1626లో ఆశ్రయం దొరికిన వైపే అది. అక్టోబరులో తమిళ పులులు ఉత్తరాది ముస్లింలందరినీ వెళ్లగొట్టారు. 30వ తేదీన జాఫ్నాలో మైకుల్లో పిలిచి మైదానంలో పోగేసి, రెండు గంటల్లో ఊరు ఖాళీ చేయమన్నారు. ఆ ఆజ్ఞ తమిళంలోనే వచ్చింది. విన్నవాళ్లకు ప్రతి ముక్కా అర్థమైంది. సొమ్ములూ, ఇంటి కాగితాలూ అక్కడే వదిలి నడిచారు. ఉత్తరాది మొత్తంమీద 70 వేలకు పైగా జనం.

ఎక్కువమంది పుత్తళం చేరారు. యుద్ధం 2009లో ముగిశాక కొందరు వెనక్కి వెళ్లారు. వెళ్లినచోట ఇల్లు లేదు, ఉన్నచోట ఊరు లేదు. పుత్తళంలో స్థానికులూ చాలామంది ముస్లింలే, మాట్లాడేదీ తమిళమే. అయినా వచ్చినవాళ్లకు అక్కడ ఇంకో పేరు పడింది: అగతి. తమిళంలో కాందిశీకుడు అని. మనకైతే ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.