ఆవులు కాపాడిన బాట: ఇంగ్లండ్ ఉమ్మడి పచ్చికలపై ఒక పరిశీలన

ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌షైర్‌లో, స్ట్రౌడ్ పట్టణానికి దక్షిణాన లోయల నడుమ ఒక సున్నపురాతి మిట్ట ఉంది. మించిన్‌హాంప్టన్‌లో స్తంభాల మీద నిలిచిన 1698 నాటి మార్కెట్ హౌస్ దగ్గర బయలుదేరి, ఉమ్మడి పచ్చిక మీదుగా పడమటికి నడిస్తే ఆంబర్లీ గ్రామం వస్తుంది. అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగితే రాడ్‌బరో పచ్చిక. చెట్లు తక్కువ; ఎటు చూసినా పొట్టి గడ్డి. చూడగానే మనిషి చేయి పడని ప్రకృతి అనిపిస్తుంది. ఆ భావన ఆధారాలకు నిలుస్తుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందుగా ‘కామన్’ అనే మాట అర్థం తేల్చుకోవాలి. మన మేత పోరంబోకు ప్రభుత్వానిది. కామన్ అలా కాదు. దానికి సొంతదారు వేరే ఉంటారు, మేపుకునే హక్కు మాత్రం కొందరు స్థానికులది. మించిన్‌హాంప్టన్ పచ్చిక 1913 నుంచి నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థ చేతిలో ఉంది. ఇలాంటి నేలలు మిగలడమే విశేషం. 1604 నుంచి 1914 వరకు పార్లమెంటు ఆమోదించిన 5,200కు పైగా బిల్లుల కింద 68 లక్షల ఎకరాలు, అంటే ఇంగ్లండ్‌లో అయిదో వంతుకు కాస్త పైగా నేల, కంచెల్లోకి వెళ్లింది. ఇప్పుడు కామన్లు సుమారు 3 శాతమే. వాటిలో చాలాచోట్ల కాలినడకన తిరిగే హక్కు కూడా 2000 నాటి చట్టంతోనే వచ్చింది.

మేపే హక్కు ఇక్కడ కాగితానికే పరిమితం కాలేదు. ఏటా మే మధ్యలో పశువులకు గుర్తులు వేసి పచ్చిక మీదికి వదులుతారు. వేసవంతా అవి మేస్తాయి, రోడ్లు దాటుతాయి. మేత ఆగిపోతే ఇలాంటి నేలను క్రమంగా ముళ్లపొదలు కమ్మేస్తాయి. అంటే ఈ దృశ్యం ప్రకృతి ఒక్కటే గీసింది కాదు.

ఇందుకు గట్టి సాక్ష్యం లార్జ్ బ్లూ అనే సీతాకోకచిలుక. బ్రిటన్‌లో అది 1979లో అంతరించింది. అది తగ్గిపోవడానికి సీతాకోకచిలుకలను సేకరించేవాళ్లే కారణమనుకుని అంతకుముందు కొన్నిచోట్ల కంచెలు వేశారు. ఆ కంచెలు పశువులను కూడా దూరం పెట్టాయి. అసలు సంగతిని 1970లలో కీటక శాస్త్రవేత్త జెరెమీ థామస్ పరిశోధన బయటపెట్టింది. లార్జ్ బ్లూ గొంగళిపురుగు ఎక్కువ కాలం ఒక జాతి ఎర్ర చీమల పుట్టలో, వాటి పిల్లలను తింటూ పెరుగుతుంది. ఆ చీమకు వెచ్చటి నేల కావాలి. గడ్డి కొద్ది సెంటీమీటర్లు పెరిగినా నీడ పడి నేల చల్లబడుతుంది, చీమలు తగ్గుతాయి, వాటి వెంటే సీతాకోకచిలుకా పోతుంది.

రాడ్‌బరోలో అయిదేళ్లపాటు మేతనూ పొదలనూ సరిదిద్దాక, 2019లో సుమారు 1,100 లార్జ్ బ్లూ గొంగళిపురుగులను వదిలారు. 2020 వేసవిలో సుమారు 750 సీతాకోకచిలుకలు బయటికి వచ్చాయని అంచనా. ఆ పచ్చికలో అవి కనిపించడం 150 ఏళ్ల తర్వాత అదే మొదలు.

ఈ ఫలితాన్ని ఉన్నంత మేరకే చదవాలి. అది ఒక్క వేసవి అంచనా. ఆ సంతతి స్థిరపడిందని దానితోనే చెప్పలేం. ఆవులు ఎంత ఎక్కువైతే అంత మేలనీ తేలలేదు. రాడ్‌బరోలోనే ఉండే డ్యూక్ ఆఫ్ బర్గండీ సీతాకోకచిలుకకు కౌస్లిప్ మొక్కలు, కాస్త ఎదిగిన గడ్డి, పొదల అంచులు కావాలి. ఒకదానికి సరిపోయిన మేత మరొకదానికి కీడు కావచ్చు. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని పశువులు అన్నది ఏటేటా చూసి తేల్చుకోవాల్సిందే.

కాబట్టి ఇంతవరకు చెప్పవచ్చు: ఇక్కడ మేత హక్కు వాడుకలో ఉన్నంతకాలమే ఈ పొట్టి గడ్డి నిలుస్తుంది. బాటకు అడ్డంగా ఆవు పడుకుని ఉంటే చుట్టూ తిరిగి వెళ్లాలి. ఆ గడ్డిని నడవదగ్గ ఎత్తులో ఉంచింది అదే.