'ట్రంబో' చిత్రం: పేరు కోల్పోయిన రచయిత చరిత్ర

రాజకీయ విశ్వాసం కారణంగా శిక్షింపబడిన రచయితల జీవితకథా చిత్రాలలో జే రోచ్ దర్శకత్వం వహించిన 'ట్రంబో' (2015) పరిశీలింపదగినది. బ్రూస్ కుక్ రాసిన జీవితచరిత్ర దీనికి ఆధారం. కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వాన్ని గురించి 1947లో అమెరికా ప్రతినిధుల సభ విచారణ సంఘం వేసిన ప్రశ్నకు సూటిగా సమాధానమివ్వ నిరాకరించిన డాల్టన్ ట్రంబో, సభాధిక్కార నేరంపై 1950లో జైలుకు వెళ్ళాడు.

శిక్ష ఏడాదిలోపే ముగిసింది. పేరుపై నిషేధం ముగియలేదు. 'రోమన్ హాలిడే' (1953) కథకు వచ్చిన ఆస్కార్ మిత్రుడు ఇయాన్ మెక్‌లెలన్ హంటర్ పేరిట నమోదైంది. 'ది బ్రేవ్ వన్' (1956) కథా పురస్కారం 'రాబర్ట్ రిచ్' అనే లేని మనిషికి దక్కింది. 1960లో 'స్పార్టకస్', 'ఎక్సోడస్' చిత్రాలతో అతని అసలు పేరు తెరకెక్కింది.

ఈ పునరాగమనాన్నే చిత్రం విజయగాథగా మలచింది. అయితే ట్రంబోను నిలదీసే ఆర్లెన్ హర్డ్ చారిత్రక వ్యక్తి కాడు, పలువురు బహిష్కృత రచయితల కలయికగా కల్పించిన పాత్ర. చిత్రంలోని పదునైన వాదనలు ఇతనివే కావడం గమనార్హం. పేరు తిరిగి దక్కనివారి చరిత్ర ఆ విధంగా ఒక కల్పిత పాత్ర మరణంతో సరిపెట్టబడింది. నిజానికి ట్రంబోకు సైతం న్యాయం ఆలస్యంగానే జరిగింది: 'రోమన్ హాలిడే' పురస్కారాన్ని అతని పేరిట 1993లో అందజేసేనాటికి అతడు మరణించి 17 ఏళ్ళయింది.