నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు

మా షాద్‌నగర్‌లో, మా వీధిలోనే ఒక అమ్మాయికి ఏడో నెలలో కాన్పయింది. పసిగుడ్డును హైదరాబాదు తీసుకుపోయి గాజుపెట్టెలో పెట్టారు. బిడ్డ అక్కడ, బాలింత ఇక్కడ. మూడో నాడు చూడబోతే, "దీనికి పాలు పడలేదమ్మా, డబ్బాపాలే గతి" అంది వాళ్ళత్త. తాగే నోరు దగ్గర లేకపోతే పాలెలా పడతాయి? పిండడం మానేస్తే బర్రె వట్టిపోదూ?

మనకు పెరట్లో తెలిసిన ఈ సంగతి ఆస్పత్రుల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది. చనుబాలు లాగే పంపుకు అమెరికాలో 1854లోనే నీధమ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. కానీ తల్లినీ బిడ్డనూ విడదీస్తే పాలు పోతాయని గట్టిగా పట్టించుకున్నది పారిస్ వైద్యుడు పియేర్ బ్యుడాన్. 1900లో ఆయన పుస్తకం వచ్చింది. గాజుపెట్టెను తల్లి మంచం పక్కనే ఉంచమన్నాడు. బిడ్డకు చప్పరించే బలం లేకపోతే, నెలలు నిండిన ఇంకో బిడ్డకు ఆ తల్లి చేత పాలిప్పించమన్నాడు, పాలు తగ్గకుండా. ఎంత ఇంటి తెలివి చూడండి! తర్వాత అమెరికాలో ఆ పెట్టెలను సంతల్లో టిక్కెట్టు పెట్టి చూపించారు. దాదులు పాలిచ్చారు; తల్లులు బయటే మిగిలారు.

1956లో స్వీడన్ ఇంజనీరు ఐనార్ ఎగ్నెల్, రొమ్ముకు గాయం కాకుండా ఎంత లాగాలి, ఎప్పుడు వదలాలి అన్న లెక్క ప్రచురించాడు. ఆస్పత్రి పంపులకు అదే దారి చూపింది.

ఇక మన హైదరాబాదు. నిజాం కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే మనిషి 1949లో కాన్పులో పోయింది. ఆ దుఃఖంలోంచి 1953లో నీలోఫర్ ఆస్పత్రి వెలిసింది. అక్కడే 2017లో 'ధాత్రి' తల్లిపాల బ్యాంకు పెట్టారు. మన 'దాది' ఆ మాటలోంచి వచ్చిందే. ఆసియాలో మొదటిది 1989లో బొంబాయి సయాన్ ఆస్పత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ పెట్టింది. దానమిచ్చిన పాలను 62.5 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి పసికందులకు పడతారు. అయితే కన్నతల్లి పాలున్నప్పుడు వాటికే మొదటి పీట. నెలలు నిండక కన్న తల్లి పాలలో తొలి వారాల్లో మాంసకృత్తులు ఎక్కువ. చిన్నారి పేగులకు వచ్చే ప్రాణాంతకమైన జబ్బును తల్లిపాలు చాలావరకు ఆపుతాయి.

మా అమ్మాయికీ ఇదే చెప్పాను. కాన్పయిన మొదటి గంటల్లోనే మొదలుపెట్టవలసింది. సరే, ఇప్పుడైనా ఆలస్యం చేయొద్దన్నాను. ముర్రుపాలు చేత్తో పిండాలి, తర్వాత పంపు. రోజుకు ఎనిమిదిసార్లు, రాత్రి కూడా. బిడ్డ కప్పుకున్న గుడ్డ దగ్గర పెట్టుకుంటే చేపు వస్తుంది.

మొదటి రోజు చెంచా అడుగు తడవలేదు. పిల్ల ఏడ్చింది. వారానికి చిన్న సీసా సగమైంది. మొగుడు ఐసు పెట్టెలో పెట్టుకుని పొద్దుటి రైలెక్కుతున్నాడు. ఇప్పుడు రాత్రి రెండింటికి కోడల్ని లేపేది ఆ అత్తగారే.