బోనపు కుండ - దోమల దినము

మన గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు పూర్తిచేసికొన్న ఈ శుభసమయమున, పండుగలను గూర్చియు ప్రజారోగ్యమును గూర్చియు నాలుగు మాటలు వ్రాయవలెనని సంకల్పించితిని. పఠనమందిరపు గోడకు వ్రేలాడుచున్న పంచాంగమును చూడుడు. అందు రెండు విధములైన దినములు గలవు. బోనాలు, పీర్ల పండుగ, రంజాను, క్రిస్మసు మొదలగునవి ఒక విధము. ప్రపంచ ఆరోగ్య దినము, క్షయ దినము, దోమల దినము మొదలగునవి వేరొక విధము. మొదటివానిని ఊరు జరుపుకొనును; రెండవవానిని కార్యాలయములు జరుపును. ఈ అంతరము పుట్టుకతోనే వచ్చినదా? సికిందరాబాదు చరిత్రను పరిశీలించినచో కాదనియే తోచును.

ఆ నగరమున ఆషాఢమాసమున జరుగు బోనాలు వ్యాధిభయమునుండి పుట్టినవని జనశ్రుతి. 1813వ సంవత్సరమున జంటనగరములలో మహమ్మారి చెలరేగి వేలకొలది జనులను బలిగొన్నదట. సైన్యమున డోలీ మోయు పనిలోనుండి ఉజ్జయినికి వెళ్లిన సురటి అప్పయ్య, తన ఊరివారికి ఆ ఆపద తొలగినచో అమ్మవారిని ప్రతిష్ఠింతునని అక్కడి మహాకాళికి మ్రొక్కుకొనెననియు, తిరిగివచ్చి 1815లో సికిందరాబాదున కొయ్యవిగ్రహమును నిలిపెననియు చెప్పుదురు. భోజనమను మాటయే బోనముగా మారినది. క్రొత్తకుండలో అన్నము వండి, కుండకు పసుపుకుంకుమలు పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపమునుంచి, స్త్రీలు తలపై నెత్తుకొని గుడికి పోవుదురు. తెలంగాణము ప్రత్యేకరాష్ట్రమైన 2014లో ఇది రాష్ట్రపు పండుగగా ప్రకటింపబడినది.

ఆషాఢముననే ఈ పండుగ యేల? తొలకరి వానలకు ఊరి మాలిన్యమంతయు చెరువులలోనికిని బావులలోనికిని దిగును. గత్తర ప్రబలు కాలమదియే. గత్తరకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్టు కోఖ్ కలకత్తాలో గుర్తించినది 1884లో. అంతకు డెబ్బదియేండ్లకు పూర్వమున్న ఆ జనులకు నీటి దోషము తెలియకపోయినను, ఆపద వచ్చు ఋతువు తెలియును. ఆ ఋతువునకు ఒక పండుగను కట్టి, ఏటేట మరువకుండ జ్ఞాపకము చేసికొనిరి.

అయితే పొగడి ఊరకుండుట న్యాయము కాదు. మశూచిని అమ్మవారని పిలిచి, టీకా వేయించినచో అమ్మకు కోపము వచ్చునని వెనుదీసినవారు మన పల్లెలలో నుండిరి. తిరునాళ్లలో ఒకే కోనేటినీరు త్రాగి, గత్తరను ప్రసాదముతోపాటు ఇంటికి తెచ్చుకొన్నవారు నుండిరి. మశూచి మన దేశమున లేదని 1977లోను, లోకముననే లేదని 1980లోను ప్రకటింపగలిగినది టీకా ఫలితముగనే. భక్తి ఆపదను జ్ఞాపకముంచినది. ఆపదను తొలగించుటకు జ్ఞానము కావలసివచ్చినది.

ఆ జ్ఞానమున ఒక ప్రధానభాగము కూడ ఆ నగరమునందే లభించుట విశేషము. మహాకాళి గుడికి కొద్దిమైళ్ల దూరముననున్న బేగంపేటలో, 1897 ఆగస్టు 20వ తేదీన, సైనికవైద్యుడగు రొనాల్డు రాస్ ఒక దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా క్రిములను కనుగొనెను. హుస్సేన్ ఖాన్ అను రోగి తన్ను దోమలచే కుట్టించుకొనుటకు సమ్మతించెను; కుట్టిన దోమ యొక్కంటికి అణా చొప్పున ప్రతిఫలము పొందెను. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షులపై పరిశోధించి, ఆ జ్వరము దోమకాటుచేతనే వ్యాపించునని రాస్ రుజువుచేసెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. రాస్ పేరు లోకమంతయు నెరుగును. చేయి చాచి దోమలకు రక్తమిచ్చిన హుస్సేన్ ఖానును తలచువారు అరుదు.

ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినముగా పాటించుచున్నారు. ఒకే నగరమున, ఒకే వానకాలమున, ఒకే మృత్యుభయమునుండి పుట్టిన ఈ రెండు దినములలో ఒకటి లక్షలమందిని వీధులలోనికి రప్పించుచుండగా, రెండవది గోడపత్రికతో ముగియుచున్నది. కారణమేమి? బోనాలు ప్రతి యింటికిని ఒక పని చెప్పును. కుమ్మరి కుండ చేయవలెను, ఇల్లాలు వండవలెను, బిడ్డలు వేపమండలు తేవలెను. దోమల దినము మనకు ఉపన్యాసము వినిపించును గాని పని చెప్పదు. పని లేని దినము పండుగ కాజాలదు.

పని చెప్పిన ఆరోగ్యదినము పండుగవలెనే సాగినదనుటకు నిదర్శనము గలదు. 1995లో మన దేశమున పల్సు పోలియో ఆరంభమైనది. ఆ ఆదివారములలో బడిలోను, గుడి ముంగిటను, మసీదు ప్రక్కను, బస్సులు నిలుచు చోటను రెండేసి చుక్కలు వేసిరి. వేయించుకొన్న బిడ్డ వ్రేలికి సిరా గుర్తు పెట్టిరి. ఉత్తరప్రదేశమున జనులు సందేహించినచోట ఇమాములు ముందునకు వచ్చి నచ్చజెప్పిరి. తుదిరోగి 2011 జనవరిలో కనబడినది. 2014 మార్చి 27న దేశము పోలియోరహితమైనట్లు ధ్రువపత్రము లభించినది. ఏ మతమువారి బిడ్డయని ఆ చుక్కలు అడుగలేదు.

కావున చదువరులకు నా విన్నపమొకటి. దోమ గ్రుడ్డు దోమగా ఎగురుటకు ఇంచుమించు వారము పది దినములు పట్టును. వారమున కొకమారు నిలవనీటిని పారబోసినచో ఆ పుట్టుకయే ఆగును. ఆరోగ్యశాఖవారు ఇందులకు శుక్రవారమును పొడి దినముగా ఏర్పరచిరి. శుక్రవారము అమ్మవారికి ప్రీతికరమైన దినము. మహమ్మదీయులకు జుమ్మా నమాజు దినము. క్రైస్తవులకు ప్రభువు సిలువనెక్కిన దినము. ఊరిలో ముగ్గురికిని ఇంతకంటె ఉమ్మడియైన దినము వేరొకటి దొరకునా?

గుడికి పోవువారు, మసీదుకు పోవువారు, చర్చికి పోవువారు చెప్పులు ఒకేచోట విడిచి వచ్చి కూర్చుండు స్థలము మన ఊరిలో ఈ గ్రంథాలయమే. కనుక ఆ పని ఇచ్చటనే ఆరంభమగుట సముచితము. మన వాకిట నీళ్లతొట్టిని ప్రతి శుక్రవారమును బోర్లించి, ఆ సంగతిని నల్లబల్లపై వ్రాయుదము. ఆషాఢమున బోనమునకు క్రొత్తకుండ తెచ్చుకొను ఇల్లాలు, పెరటిలోని పాతకుండను గూడ ఆనాడే బోర్లించుగాక. అమ్మకు అంతకంటె ప్రీతికరమైన నైవేద్యముండదని నా నమ్మకము.