శ్వేతసౌధం: పద్దుల్లో మిగిలిన పేర్లు

శ్వేతసౌధం మీద జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో వచ్చే బిట్లు చాలామందికి కంఠతా వచ్చు. అందులో మొదట కాపురం పెట్టిన అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, 1800 నవంబరు 1న. స్థలం ఖాయం చేసి, నమూనా ఎంపిక చేసి కూడా అందులో ఒక్క రాత్రీ ఉండని అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్. నమూనా గీసినవాడు ఐర్లండ్‌లో పుట్టిన జేమ్స్ హోబన్. గదులు 132. ఆ పేరును అధికారికం చేసినది 1901లో థియొడోర్ రూజ్వెల్ట్. ఇవన్నీ నిజాలే. అయితే వీటంత ప్రచారంలో ఉన్న మరికొన్ని జవాబులు తప్పులు, లేదా సగం నిజాలు. ఆ తప్పు ఎక్కడ దొర్లిందో వెతుక్కుంటూ పోతే, తరచుగా అక్కడ పనిచేసిన మనిషి పేరు చెరిగిపోయి కనిపిస్తుంది. నాలుగేళ్లకో ఎనిమిదేళ్లకో ఖాళీ చేసి వెళ్లిపోయే అధ్యక్షుల వరసగా చదివినంతకాలం ఆ ఇంటి చరిత్ర మనకు అందదు. దాన్ని కట్టినవాళ్లు, అందులో వండినవాళ్లు, దాన్ని నిలబెట్టినవాళ్లు ఎవరన్న ప్రశ్నతో మొదలుపెట్టాలన్నది నా వాదన.

ముందుగా ఆ తెలుపు సంగతి. 1814 ఆగస్టు 24న బ్రిటిష్ సైన్యం ఇంటిని తగలబెట్టిందని, మసి కనబడకుండా తెల్లరంగు పూశారని, పేరు అలా వచ్చిందని కథ. ఇల్లు కాలిన మాట నిజం, రంగు కథ నిజం కాదు. గోడలకు వాడింది వర్జీనియాలోని అక్వియా దగ్గర తవ్విన ఇసుకరాయి. అది నీరు పీల్చే రాయి. పీల్చిన నీరు చలికాలంలో గడ్డకడితే రాయి పగులుతుంది. అందుకని తాపీ పనివాళ్లు 1798లోనే గోడలకు సున్నం పట్టించారు. మంటలకు ముందే జనం నోట్లో అది తెల్ల ఇల్లు. రాయి గుణం తెలిసిన పనివాడి జాగ్రత్త ఒక యుద్ధ కథ కింద కప్పబడిపోయింది. ఇది చిన్న విషయమే, కానీ తక్కినవి చిన్నవి కావు.

అదే రోజు జరిగినట్టు చెప్పే రెండో కథ ఇంకా ప్రసిద్ధం. శత్రువులు ఊళ్లోకి వస్తుంటే అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ భార్య డాలీ, గిల్బర్ట్ స్టువర్ట్ శైలిలోని వాషింగ్టన్ నిలువెత్తు చిత్రాన్ని గోడ మీంచి తీసుకుని పారిపోయిందని పిల్లల పుస్తకాలు రాస్తాయి. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో పదిహేనేళ్ల కుర్రాడొకడు భోజనాల బల్ల సర్దుతున్నాడు. పేరు పాల్ జెనింగ్స్, మాడిసన్ కుటుంబానికి బానిస. 1865లో అచ్చయిన తన చిన్న పుస్తకంలో అతను ఆ కథను సూటిగా కాదన్నాడు. ఆమె చిత్రాన్ని మోసుకుపోలేదు, అంత సమయమే లేదు. దాన్ని దించింది ద్వారపాలకుడు, తోటమాలి అని రాశాడు. డాలీ చిత్రాన్ని కాపాడమని ఆజ్ఞ ఇచ్చింది, అది ఆమె ఘనతే. ఎవరూ కాదనడం లేదు. కాని గోడకు మరలు బిగించిన చట్రాన్ని పగలగొట్టిన చేతులు వేరు. జెనింగ్స్ జీవితంలో ఆ తర్వాతి ఘట్టం నాకు ఇంతకంటే ముఖ్యంగా కనిపిస్తుంది. మాడిసన్ పోయాక కూడా అతనికి విముక్తి రాలేదు. 1847లో సెనెటర్ డానియెల్ వెబ్‌స్టర్ 120 డాలర్లు కట్టి అతన్ని విడిపించాడు. నెలకు 8 డాలర్ల చొప్పున తన కింద పనిచేసి ఆ బాకీ తీర్చాలని షరతు. అలా తన స్వేచ్ఛను తానే వాయిదాల మీద కొనుక్కుంటున్న మనిషి, అప్పటికి పేదరికంలో పడ్డ డాలీ మాడిసన్‌కి అప్పుడప్పుడూ తన జేబులోంచి చిల్లర డబ్బులిచ్చి వచ్చేవాడు. ఇది అతను గొప్పగా చెప్పుకోలేదు, మామూలుగా రాసి పెట్టాడు.

మూడో బిట్టు: శ్వేతసౌధంలో పుట్టిన మొదటి బిడ్డ ఎవరు? అచ్చులో ఉండే జవాబు జేమ్స్ మాడిసన్ రాండాల్ఫ్, అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ మనవడు, 1806. అంతకు నాలుగేళ్ల ముందే, 1802లో, ఆ ఇంట్లో ఒక బిడ్డ పుట్టింది. పేరు అస్నెట్. తల్లి ఉర్సులా పద్నాలుగేళ్ల పిల్ల. ఫ్రెంచి వంట నేర్చుకోమని జెఫర్సన్ తన మాంటిసెల్లో ఎస్టేటు నుంచి రప్పించిన బానిస. బిడ్డ ఎన్నాళ్లో బతకలేదు. ఉర్సులా ఆ ఏడే తిరిగి వెళ్లిపోయింది. ఆమె స్థానంలో వచ్చిన ఈడిత్ ఫాసెట్ కూడా పదిహేనేళ్లదే. జెఫర్సన్ విందుల్ని చరిత్రకారులు ఈనాటికీ మెచ్చుకుంటారు, ఐస్‌క్రీమ్ దగ్గర్నుంచి ఫ్రెంచి వంటకాల దాకా జాబితాలు ఇస్తారు. ఏళ్ల తరబడి ఆ పొయ్యి ముందు నిలబడ్డవాళ్లలో ఈడిత్ ఒకతె. ఆమె భర్త జోసెఫ్ మాంటిసెల్లోలో కమ్మరి. 1806 వేసవిలో అతను చెప్పకుండా వాషింగ్టన్ బయల్దేరి వచ్చాడు, భార్యను చూడటానికి. అధ్యక్షుడు మనుషుల్ని పంపి పట్టించాడు. అధ్యక్షభవనం నుంచి బయటికొస్తుండగా దొరికిపోయిన అతన్ని జైల్లో పెట్టి, వెనక్కి పంపారు. 1826లో జెఫర్సన్ చనిపోతూ వీలునామాలో జోసెఫ్‌కు విడుదల రాశాడు, ఈడిత్‌కూ పిల్లలకూ రాయలేదు. మరుసటి ఏడు జనవరిలో జరిగిన వేలంలో ఆమెనూ పిల్లల్నీ అమ్మేశారు. జోసెఫ్ సంపాదించి, ఒక్కొక్కరినీ కూడగట్టుకుంటూ చివరికి కుటుంబాన్ని ఒహైయో రాష్ట్రంలోని సిన్సినాటి చేర్చాడు. ఈ కుటుంబాన్ని పక్కనపెట్టి జెఫర్సన్ విందుల గురించి చెబితే అది చరిత్ర కాదు, వంటల జాబితా.

ఇక కట్టడం సంగతి. 1792 అక్టోబరు 13న శంకుస్థాపన జరిగింది. అడవీ బురదా తప్ప మరేమీ లేని ఆ చోటికి యూరప్ నుంచి పనివాళ్లను రప్పించాలని నగర కమిషనర్లు అనుకున్నారు, ఆశించినంతమంది రాలేదు. దాంతో చుట్టుపక్కల మేరీలాండ్, వర్జీనియా భూస్వాముల దగ్గర బానిసల్ని ఏడాది చొప్పున అద్దెకు తీసుకున్నారు. 1792 నాటి కమిషనర్ల తీర్మానంలో షరతులు స్పష్టంగా ఉన్నాయి: బట్టలూ దుప్పటీ యజమాని ఇవ్వాలి, తిండి కమిషనర్లు పెడతారు, ఏడాదికి 21 పౌండ్లు యజమానికి ముడుతుంది. అక్వియాలో రాయి తీసినవాళ్లలో, ఇటుకలు కాల్చినవాళ్లలో, కలప కోసినవాళ్లలో వీళ్లున్నారు. 1790ల జీతాల పట్టీల్లో వడ్రంగుల వరసలో పీటర్, బెన్, హ్యారీ, డేనియల్ అని పేర్లు కనిపిస్తాయి. ఇంటిపేర్లు లేవు, ఆ డబ్బు వాళ్లదీ కాదు. వారిలో కొందరు, నమూనా గీసిన హోబన్ సొత్తే. తన బానిసల కూలికి హోబన్ ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకున్నాడన్నమాట. ఇల్లు పూర్తయ్యాకా లెక్క ఇలాగే సాగింది. అధ్యక్షుడి జీతం ఏడాదికి 25,000 డాలర్లు. ఇంటిఖర్చులూ నౌకర్ల జీతాలూ చాలావరకు అందులోంచే. అందుకే జాక్సన్, పోక్ లాంటి అధ్యక్షులు జీతగాళ్లను తగ్గించుకుని, తమ బానిసల్ని తెచ్చుకుని ఖర్చు కలిసొచ్చేలా చూసుకున్నారు.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. మొదటిది: బానిసలే కట్టారనడం అతిశయోక్తి కదా, స్కాట్లండ్ తాపీ మేస్త్రీలు, ఐర్లండ్ కూలీలు, స్వతంత్రులైన నల్లజాతివారు కూడా ఉన్నారు కదా? ఉన్నారు. గోడల మీద ఆకులూ గులాబీలూ చెక్కింది స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల పేర్లు కూడా బిట్లలో ఉండవు. కాబట్టి ఈ అభ్యంతరం నా వాదనను తగ్గించదు, ఇంకొంచెం వెడల్పు చేస్తుంది. రెండోది 2016లో వినిపించింది. బానిసలు కట్టిన ఇంట్లో రోజూ నిద్రలేస్తున్నానని మిషెల్ ఒబామా డెమొక్రాటిక్ పార్టీ మహాసభలో అన్నప్పుడు, ఆ బానిసలకు మంచి తిండీ వసతీ దొరికాయని ఒక టీవీ వ్యాఖ్యాత సర్దిచెప్పబోయాడు. ఆ తిండి దయ కాదు, అద్దె ఒప్పందంలో ఒక షరతు. పైగా అది ఎలాంటి తిండో కళ్లారా చూసి రాసినవాళ్లు ఉన్నారు. 1800 నవంబరులో ఆడమ్స్ భార్య ఆబిగెయిల్, ఇంటి ముందు మట్టి ఎత్తిపోస్తున్న పన్నెండుమంది బానిసల్ని కిటికీలోంచి చూసింది. ఒంటిమీద సరైన బట్టల్లేకుండా అర్ధాకలితో వాళ్లు పనిచేస్తుంటే యజమాని ఊరికే తిరుగుతున్నాడని ఒక బంధువుకు ఉత్తరం రాసింది.

ఆ ఉత్తరమే మూడో అభ్యంతరానికీ జవాబు. ఆనాటి మనుషుల్ని ఈనాటి కొలతలతో కొలవకూడదంటారు. సరే, ఆనాటి కొలతలే తీసుకుందాం. 1780లోనే పెన్సిల్వేనియా క్రమంగా బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం తెచ్చింది. బయటి రాష్ట్రంవాళ్లు తెచ్చిన బానిసలు అక్కడ ఆరు నెలలు ఉంటే విడుదల కోరవచ్చు. రాజధాని ఫిలడెల్ఫియాలో ఉన్న రోజుల్లో అధ్యక్షుడు వాషింగ్టన్, ఆ గడువు నిండకముందే తన బానిసల్ని పొలిమేర దాటించి మళ్లీ తెచ్చేవాడు. ఎందుకన్నది వాళ్లకూ లోకానికీ తెలియకుండా చూడమని కార్యదర్శికి రాశాడు. తప్పని ఎరగని కాలమైతే దాచాల్సిన పని ఏముంది? ఫిలడెల్ఫియాలోని ఆ అధ్యక్షుడి ఇంటి నుంచే 1796లో ఓనా జడ్జ్ అనే యువతి పారిపోయి, మరి పట్టుబడకుండా స్వతంత్రంగా బతికింది. ఆమెకు కూడా తన కాలపు కొలతలు తెలుసు.

ఇప్పుడున్న శ్వేతసౌధం ఆ పాత ఇల్లే కాదు కదా అనేవాళ్లూ ఉన్నారు. లోపలి భాగం వరకు అది నిజం. 1948లో హ్యారీ ట్రూమన్ కూతురి పియానో కాలు నేలలోకి దిగబడింది. ఇంజినీర్లు చూస్తే పై అంతస్తులు కూలడానికి సిద్ధంగా ఉన్నాయి. ట్రూమన్ కుటుంబం ఎదురుగా ఉన్న బ్లెయిర్ హౌస్‌కు మారింది. లోపలి గోడలూ నేలా పైకప్పులూ మొత్తం తీసేసి ఉక్కు, కాంక్రీటుతో కట్టుకొచ్చారు. 1952 మార్చి 27న తిరిగి గృహప్రవేశం. అయితే బయటి రాతిగోడల జోలికి మాత్రం వెళ్లలేదు. వాటికి గండి పెట్టడం ఇష్టంలేక బుల్‌డోజర్‌ను విడదీసి లోపలికి తీసుకెళ్లి అక్కడ మళ్లీ బిగించారు. అంటే 1814 మంటల్లోనూ ఈ పునర్నిర్మాణంలోనూ కలిపి ఆడమ్స్ చూసిన గదులూ, జెఫర్సన్ విందులిచ్చిన నేలా పోయాయి. 1790లలో బానిసలూ కూలీలూ అక్వియా గనిలో తీసి, పడవల మీద తెచ్చి, పేర్చిన రాయిలో కొంత నిలిచింది. పురాతనం అని చెప్పుకోదగ్గది ఆ కట్టడంలో ఏదైనా ఉంటే అది వాళ్ల పనే.

అమెరికా ఈ దిశలో కొంత కదిలింది. శ్వేతసౌధ చరిత్ర సంఘం బానిసల పేర్లను పత్రాల్లోంచి వెతికి తీసి ప్రచురిస్తోంది. మన దగ్గర జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు ఏటా కొత్త ముద్రణకు వస్తాయి, పాత జవాబులు అలాగే అచ్చవుతాయి. వాటిని కూర్చే సంపాదకులకూ, పిల్లలకు క్విజ్ పెట్టే ఉపాధ్యాయులకూ ఒక మనవి. శ్వేతసౌధంలో పుట్టిన మొదటి బిడ్డ ఎవరన్న ప్రశ్న ఈసారి అడిగినప్పుడు, జవాబు దగ్గర అస్నెట్ అని రాయండి. తల్లి ఉర్సులా అని కూడా చేర్చండి.