నరసాపురం లేసు: లోకానికి అల్లిక, ఇంటికి దక్కని లెక్క

ఐరోపా, అమెరికా ఇళ్లలో భోజనాల బల్లల మీద పరిచే తెల్లటి లేసు గుడ్డలు ఎన్నిటికో పుట్టిల్లు మన పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం. వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న ఈ ఊరికి సముద్ర వ్యాపారం పాత పరిచయమే. పక్కనే ఉన్న మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉండేది. అక్కడి మెత్తటి నూలుబట్ట 'మడపొల్లం' పేరుతో దేశదేశాలకూ వెళ్లింది. ఆ తర్వాత మగ్గాల పేరు మాసింది. ఆడవాళ్ల వేళ్ల మీద లేసు పుట్టింది.

కుర్చీకీ ఓ ముసుగు

19వ శతాబ్దపు బ్రిటన్‌లో కలిగినవారి ఇంట ఏ వస్తువూ బోసిగా కనిపించకూడదు. టీ బల్లకు గుడ్డ, పూలకూజా కింద గుండ్రటి లేసు, మగవాళ్లు తలకు రాసుకునే మకాసర్ నూనె అంటకుండా కుర్చీ వీపుకు మరో గుడ్డ. ఇలాంటివెన్నో క్రోషే అల్లికతోనే తయారయ్యేవి. దానికి మగ్గం అక్కర్లేదు. కొనకు కొక్కెం ఉన్న సూది, దారపు ఉండ ఉంటే చాలు. 1840లలో బంగాళాదుంప పంట కుళ్లి ఐర్లాండ్ కరవుపాలైనప్పుడు అక్కడి క్రైస్తవ సన్యాసినులు పేద ఆడపిల్లలకు బతుకుతెరువుగా నేర్పింది ఈ పనే.

దాదాపు అదే కాలంలో మన గోదావరి ఒడ్డునా ఈ కథ మొదలైంది. 1844 ప్రాంతంలో దుమ్ముగూడెంలో మెక్రే అనే మిషనరీ దంపతులు స్థానిక స్త్రీలకు లేసు పని నేర్పారని చరిత్రకారులు చెబుతారు. నరసాపురంలో 1836 నుంచే క్రైస్తవ మిషన్ ఉంది. అలా మిషనరీ కుటుంబాల ద్వారా ఈ విద్య డెల్టా ఊళ్లకు పాకింది. మొదట నేర్చుకున్నది క్రైస్తవం పుచ్చుకున్న దళిత స్త్రీలు. తర్వాత గడప దాటి కూలికి వెళ్లడం పరువు తక్కువని ఎంచే కాపు కుటుంబాల ఆడవాళ్లూ అందుకున్నారు. మిషనరీలు తెలిసినవాళ్లకు పంపే కానుకగా మొదలైన లేసు, 20వ శతాబ్దంలో వ్యాపారుల చేతికి వచ్చి పెద్ద ఎగుమతి సరుకైంది.

చేతిపని, అతుకుపని

ఒక టేబుల్ క్లాత్‌ను మొదటి నుంచి చివరిదాకా ఒక్కరే అల్లడం అరుదు. ఏజెంటు దారం తూచి ఇంటింటికీ ఇస్తాడు. కొందరు పువ్వులు మాత్రమే అల్లుతారు, అది చేతిపని. మరికొందరు ఆ పువ్వుల్ని ఒకదానికొకటి కలుపుతారు, అది అతుకుపని. ఏజెంటు వాటిని పోగుచేసి ఎగుమతిదారుకు చేరవేస్తాడు. పూర్తయిన గుడ్డ ఎలా ఉంటుందో, ఏ దేశం వెళ్తుందో, ఎంతకు అమ్ముడవుతుందో పువ్వు అల్లిన మనిషికి తెలిసే వీలు లేదు. బేరమాడే దారీ అక్కడే మూసుకుపోయింది.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఈ ఊళ్లలో తిరిగి, అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం అధ్యయనం చేశారు. అది 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్' పేరుతో 1982లో పుస్తకంగా వచ్చింది. అప్పటికి లేసు అల్లే స్త్రీలు లక్షకు పైగా ఉంటారని అంచనా. వంట, నీళ్లు, పిల్లలు, పశువుల పని ముగించుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవారు. చేతికి వచ్చేది రోజుకు రూపాయి కంటే తక్కువ. వ్యవసాయ కూలీ స్త్రీకి నిర్ణయించిన కనీస వేతనంలో మూడో వంతుకూ అది చాలదు. విదేశీ మారకం తెచ్చే సరుకును తయారు చేస్తున్నా, ప్రభుత్వ లెక్కల్లో వీళ్లు కార్మికులుగా దాదాపు కనిపించలేదు.

ఎందుకని? 'ఇంట్లో ఊరికే కూర్చుని తీరిక వేళ అల్లుకుంటున్నారు' అన్న మాటే అందుకు కారణం. ఆ మాట మీదే కూలి తగ్గింది, ఆ తగ్గిన కూలి మీదే వ్యాపారం పెరిగింది. హరిత విప్లవంతో మిగులు చేతికొచ్చిన కొందరు రైతులు 1970లలో లేసు ఎగుమతిలోకి దిగారు. మగవాళ్లు ఏజెంట్లూ వ్యాపారులూ అయ్యారు, సూది మాత్రం ఆడవాళ్ల చేతిలోనే ఉండిపోయింది.

గుర్తింపు తర్వాత

ఈ శతాబ్దంలో చైనా యంత్రాల లేసు చౌకగా దొరకడంతో నరసాపురానికి గిరాకీ దెబ్బతింది. ఊరి దగ్గరి సీతారాంపురంలో లేస్ పార్క్ పెట్టి మహిళా సంఘాలకు శిక్షణ ఇస్తున్నారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మంచి మాటే. అయితే ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది తప్ప కూలి రేటును నిర్ణయించదు. అల్లే స్త్రీలే డిజైను ఎంచుకుని, ధర తెలుసుకుని, సంఘంగా బేరమాడితేనే దాని ఫలం వాళ్ల ఇళ్లకు చేరుతుంది.

లేసు కొనే మనమూ ఒక పని చేయవచ్చు. కుషన్ కవరో, టేబుల్ క్లాతో కొనేటప్పుడు చేత్తో అల్లిందా, యంత్రం అల్లిందా అని అడుగుదాం. చేతి అల్లికైతే అది ఎన్ని గంటల శ్రమో, అల్లిన మనిషికి ఎంత ముట్టిందో కూడా అడుగుదాం. దాన్ని తీరిక వేళ కాలక్షేపంగా కాక పనిగా, అల్లే మనిషిని పనిమంతురాలిగా లెక్కగట్టడం అక్కడి నుంచే మొదలుకావాలి.